అడిగి తీసుకున్న గింజ మొలవదు

"అంట్ల నీళ్ళు తాగి పెరిగిన పువ్వు! తలలో పెట్టుకుందామంటే వాసన లేదు, కూరొండుకుందామంటే రుచి లేదు. దేనికే ఇది?" అన్నారు అత్తగారు ఏసమ్మ, తిన్న కంచం దీనమ్మ ముందుకు తోస్తూ.

"చూసుకోడానికండి," అంది దీనమ్మ, కంచానికి బూడిద రాస్తూ.

చూసుకోడానికట! రామచంద్రపురం కాలవగట్టున ఆ మిషను పాలెం వెలిశాక ఒక కోడలి నోట అంత వింత మాట అదే మొదలు. అత్తగారికి పొలమారి, చెంబెడు నీళ్ళు తాగితేగాని ఊపిరి అందలేదు.

అవి పొట్టి మెట్టతామరలు. ఆకు చూస్తే అరటిపిల్ల, పువ్వు చూస్తే నిప్పుకణిక, మొక్క మాత్రం మోకాలు దాటి లేవదు. మిషను బడి పంతులూ, ఆదివారం ఉపదేశీ అయిన భర్త యెహెజ్కేలు "పొట్టిదానికి పొట్టి మొక్కలు" అని పదిమందిలో నవ్వేవాడు. ఇక గింజ సంగతంటారా, నల్లగా గుండ్రంగా తుపాకీ గుండే. ఒక వేటగాడు గుళ్ళు అయిపోయి వీటినే దట్టించి కొంగను కొట్టాడట. కొంగ చావలేదు, పై ఏడు దాని వీపు మీద పువ్వు పూసిందట. చూసినవాళ్ళు లేరు గాని చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. అంత మొండిది గనకే రోటి అంచున గీకి, వేడినీళ్ళలో నానబెడితే తప్ప కన్ను తెరవదు.

తెల్లారి లేస్తే దీనమ్మ వడ్లు దంచాలి, బడి అరుగు అలకాలి, చుట్టపుచూపుగా దిగే ఉపదేశులందరికీ వండి వార్చాలి. ఆడపిల్లల చేత అక్షరాలు దిద్దించేది తను, "పంతులుగారు ఎంత బాగా చెబుతారండీ" అనిపించుకునేది ఆయన. ప్రసంగంలో చెప్పబోయే వాక్యం గుర్తురాక ఆయన గుంజకు ఆనుకుని తల గోక్కుంటుంటే, పొయ్యి దగ్గర్నుంచి అందించేది తనే. ఆ ఇంట్లో తన చేతిలోంచి వచ్చిందల్లా ఎవరికో ఒకరికి పనికొచ్చింది. పనికొచ్చింది గనక ఎవరో ఒకరు తీసేసుకున్నారు. అలాంటప్పుడు ఎవరికీ పనికిరానిదొకటి పెంచితే అది తనకే మిగులుతుంది కదా అనుకుంది దీనమ్మ. అందుకే అంట్లు తోమే రాయి పక్కన, ఎవరూ తొంగిచూడని చోట వాటిని వేసుకుంది.

తొంగిచూసింది చేపలు అమ్మవచ్చిన తలుపులమ్మ ఒక్కతే. చేపలబుట్ట దించి, నోరు తెరిచి నిలబడిపోయింది.

"ఎండిన కాయ చూపిస్తాను, గింజలు పట్టుకెళ్ళు," అంది దీనమ్మ.

"అమ్మబాబోయ్, ఇవ్వకండి పంతులమ్మగారూ! అడిగి తీసుకున్న గింజ మొలవదండి. దొంగిలిస్తేనే చెట్టవుద్ది. మీరలా గోడేపు తిరగండి, మాయమ్మ కదూ!"

దీనమ్మ గోడవైపు తిరిగింది. వెనకాల కాయ చిటుక్కుమంది. తిరిగి చూసేసరికి తలుపులమ్మ ఏమీ ఎరగనట్టు చేపలు లెక్కెడుతోంది. ఇచ్చానన్న గొప్ప లేదు, పుచ్చుకున్నానన్న చిన్నతనం లేదు. ఈ పద్ధతి దీనమ్మకు తెగ నచ్చేసింది. ఆ తర్వాత లోవలక్ష్మి వచ్చింది, చాకలి పాపాయి వచ్చింది, పేరు తెలియని పడవవాళ్ళ ఆడవాళ్ళూ వచ్చారు. ఆ గోడ పగుళ్ళన్నీ దీనమ్మకు కంఠతా వచ్చేశాయి.

యెహెజ్కేలుకు ఇదేమీ తెలియదు. మిషను దొరగారు పెట్టిన సభకు కాకినాడ వెళ్ళి, "అమ్మగారూ, ఈ జాతి పువ్వు జిల్లా మొత్తానికి మా దొడ్లోనే ఉందండి. నా చేతుల్తో పెంచానండి," అని దొరసానికి చెప్పి వచ్చాడు. ఆవిడ సరదాపడి పడవ కట్టించుకుని బయల్దేరింది. దారిపొడవునా ప్రతి లాకు దగ్గరా, ప్రతి పాక ముందూ ఎర్రగా అవే. ఆ ఎరుపు కాలవలో పడి, చేపలు పొద్దుగూకిందనుకుని నిద్రపోయాయని పడవవాళ్ళు చెబుతారు. రేవులో దిగుతూనే దొరసాని అడిగింది: "పంతులూ, ఈ కాలవంతా మీ దొడ్డేనా?"

ఆవిడ పడవ మలుపు తిరిగిందో లేదో, యెహెజ్కేలు దొడ్లోకి ఊడిపడ్డాడు.

"ఎవరే ఆ దొంగలు? పేర్లు చెప్పు."

"నాకేం తెలుసండి? నేను గోడవైపు తిరిగి ఉన్నాను."

"చెబుతావా, పీకెయ్యనా?"

దీనమ్మ మళ్ళీ గోడవైపు తిరిగింది.

ఆదివారం 'దొంగిలకూడదు' అనే ఆజ్ఞ మీద గుడి కప్పు లేచిపోయేలా ప్రసంగించాడు. మర్నాడు మొక్కల్ని దుంపలతో సహా పెళ్ళగించి కాలవలో పారేశాడు. "పీడ వదిలింది, వంగ నారు పోద్దాం," అన్నారు అత్తగారు. దీనమ్మ ఏడవలేదు. ఖాళీ అయిన చోట మట్టిని కాలితో సర్ది, బిందె తీసుకుని నీళ్ళకు బయల్దేరింది. రేవు దాటి, చేపలు పట్టే పల్లెవాళ్ళ పాకల దాకా వెళ్ళింది.

తలుపులమ్మ పాక ముందు మొక్కలు విరగబూసి ఉన్నాయి. దీనమ్మ నోరు తెరిచింది. తలుపులమ్మ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. "అడక్కండమ్మా! మీకు నేను చెప్పాలేంటండి?" అని పాకవైపు తిరిగి, లేని పిల్లిని "ఛీ పో" అని తిట్టడం మొదలెట్టింది. దీనమ్మ చేతిలో కాయ చిటుక్కుమంది. తన గింజే. అయినా దొంగిలించినట్టు గుండె కొట్టుకుంది, ఎంత హాయిగానో!

గీకి, నానబెట్టి, పగిలిన గింజలతో ఈసారి అంట్ల రాయి దగ్గరకు వెళ్ళలేదు. గునపం పట్టుకుని వీధివైపు నడిచి, యెహెజ్కేలు కుర్చీ వేసుకునే బడి అరుగు ముందు, ఊరంతా చూసే చోట తవ్వడం మొదలెట్టింది. పిల్లల ఎక్కాలు ఆగిపోయాయి. చప్పుడుకు అత్తగారు బయటికొచ్చారు. నోట మాట సిద్ధంగానే ఉంది. కోడలి ముఖం చూశారు, గుప్పిట చూశారు. ఆ మాట మింగేసి మెల్లగా గోడవైపు తిరిగారు.

"ఏంటిది? మళ్ళీ అవేనా? ఎవరిచ్చారు నీకు?" అంటూ యెహెజ్కేలు అరుగు దిగాడు.

"ఎవరూ ఇవ్వలేదండి, దొంగిలించాను," అంది దీనమ్మ, గింజ మీద మట్టి కప్పుతూ. "ఈ ఆదివారం నా పేరు పెట్టే చెప్పండి. వాక్యం గుర్తురాకపోతే మాత్రం నన్నడక్కండి."