మినహాయింపు మేడమ్

లా కాలేజీలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. విద్యార్థులకు ఆవిడ మినహాయింపు మేడమ్. ఏ సెక్షను చెప్పినా, "బాగుంది, మరి దీనికి మినహాయింపేది?" అని అడగనిదే క్లాసు వదలదు. ముప్ఫై ఏళ్లుగా పగలు ఒప్పందాల చట్టం చెబుతూ, కాలేజీకి బయల్దేరేలోపు వంటగది బల్ల మీద నవలలు రాస్తూ వచ్చింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టిందన్నవాళ్లకి, "రెండూ నడుస్తున్నాయిగా, మీకేం?" అని జవాబిచ్చింది. తాజా నవలకి పెద్ద బహుమతే వచ్చింది. సభ రేపు సాయంత్రం.

ఊరంతా మెచ్చుకుంది. సొంత అక్క మాత్రం ఫోనెత్తడం లేదు.

ఆ నవలలో ఒక పెద్దక్క ఉంది. ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూస్తుంది. వచ్చినవాళ్ల చెప్పులు జతలుగా సర్దిపెడుతుంది. అలాంటి అక్కలు లోకంలో బోలెడుమంది, ఎవరూ పోల్చుకునేవారు కాదు. అయితే, మొదటి పేజీలో 'పాత్రలన్నీ కల్పితం' అని మామూలుగా వేసే మాటని ప్రచురణకర్త వేయబోతే, "ఒప్పందాలు చెప్పేదాన్ని, నాకు మీరు రాసిపెడతారా?" అని తనే రాసిచ్చింది. అచ్చులో ఇలా వచ్చింది: 'ఇందులోని పాత్రలు బతికున్న ఎవరినీ, మరీ ముఖ్యంగా రచయిత్రి అక్కగారిని, ఉద్దేశించినవి కావు.'

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టయింది.

ఇప్పుడు ప్రచురణకర్త ఫోను చేశాడు. "మేడమ్, రెండో ముద్రణ ప్రెస్సుకెళుతోంది. ఆ అక్కగారి ముక్క తీసేద్దామా?"

"ఆగండి, కనుక్కుని చెబుతా" అని మేడమ్ తిన్నగా అక్క ఇంటికెళ్లింది. అక్క రాని సభలో ఆ బహుమతి అందుకోవడం ఆవిడ వల్ల కాదు.

తలుపు తీసింది బావ. "రావమ్మా, ముద్దాయీ! న్యాయమూర్తిగారు వంటగదిలో ఉన్నారు. నేను మాత్రం ఎవరి తరఫునా లేను."

అక్క గ్లాసులు తుడుస్తోంది. తిరిగి చూడలేదు.

"ఎవరమ్మా మీరు? ఏం కావాలి?"

"అక్కా, అలిగింది చాల్లే. నువ్వు నొచ్చుకుంటే ఆ పాత్రనే మార్చేస్తా. ఆ తాళం సంగతి తీసేస్తా."

"తాళం జోలికెళ్లావంటే ఊరుకోను!" అక్క గిర్రున తిరిగింది. "పుస్తకంలో పెట్టావని ఎవరేడ్చారే? ఇది నేనేనని పార్కులో నడకకొచ్చేవాళ్లందరికీ చూపించుకున్నాను. ఒకావిడ మొదటి పేజీ తిప్పి, 'మీరు కాదని మీ చెల్లెలే రాసిందిగా' అంది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

మేడమ్ దారిపొడుగునా కూర్చుకున్న వాదనలన్నీ గాల్లో కలిసిపోయాయి.

"లా చదవనని మొండికేస్తే చెయ్యి పట్టుకుని కాలేజీకి లాక్కెళ్లిందెవరే?"

"నువ్వే."

"నీ మొదటి కథ చదివి, 'ఇందులో ఎవరూ తిండి తినరేంటే, మనుషులేనా వీళ్లు' అన్నదెవరు?"

"నువ్వే. ఆ తర్వాతే నాకు రాయడం వచ్చింది."

"మరి నన్ను పట్టుకుని 'మరీ ముఖ్యంగా' కాదంటావా?"

ఓడిపోయానని తెలిశాక మేడమ్‌కి నవ్వొచ్చింది. అక్కడే నిలబడి ప్రచురణకర్తకి ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

"రాసుకోండి. ఇందులోని పాత్రలన్నీ కల్పితం. రచయిత్రి అక్కగారు మినహాయింపు."

ప్రచురణకర్త గొంతు తగ్గించాడు. "మేడమ్, చట్టం తెలిసినవారు, మీకు చెప్పేంతవాణ్ణి కాదు. రేపు ఆవిడ కేసు వేస్తే?"

అక్క ఫోను లాక్కుంది. "అది అచ్చు వెయ్యకపోతే వేస్తాను బాబూ!"

మర్నాడు సాయంత్రం ముగ్గురూ సభకి బయల్దేరారు. అక్క తాళం వేసి నాలుగడుగులు నడిచింది. ఇక ఆగుతుందని తెలిసి మేడమ్ ముందే ఆగింది. బావ గడియారం చూసుకున్నాడు.

అక్క వెనక్కెళ్లి తాళం లాగి చూసి, చెల్లెలి వైపు తిరిగింది.

"సరిగ్గా చూసుకో. పుస్తకంలో ఒక్కసారే లాగినట్టు రాశావు. నేను రెండుసార్లు లాగుతాను."