తొమ్మిది ముద్దలంత సేపు

చేపముక్కలకి పిండి అద్ది, గుడ్డుసొనలో ముంచి, పెనం మీద వేస్తూ యంగ్రాన్ పొద్దుటినుంచి నాలుగో పళ్ళెం నింపింది. ఉప్పు సరిపోయిందో లేదో తెలీదు. పోయినవాళ్ళు తినకముందు బతికున్నవాళ్ళు రుచి చూడకూడదు. మామగారు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆయన బతికుండగానూ ఆయన తిన్నాకే తను తినేది కనక ఈ నియమం ఆమెకి కొత్తగా ఏమీ అనిపించలేదు.

హాల్లో మగవాళ్ళు కూచుని పెద్దాయన్ని తలుచుకుంటున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆండోంగ్ ఊళ్ళో పిల్లలకి చదువు చెప్పాడట, వరదొచ్చిన ఏడు ఊరందరికీ అన్నం పెట్టాడట. అన్నీ నిజాలే. వండింది అత్తగారని మాత్రం ఎవరికీ గుర్తులేదు. "నాన్న జన్మలో గొంతు పెంచి ఎరగడు," అన్నాడు ఆమె భర్త గిచోల్, కళ్ళు తుడుచుకుంటూ.

అదీ నిజమే. ఆయనకి గొంతుతో పనేముంది? పులుసు చల్లారినా, మంచినీళ్ళు కావలసినా, కోడలి పుట్టింటి మాట ఎవరైనా ఎత్తినా, చెంచా బల్లమీద పెట్టేవాడు. టక్. అంతే. పదిహేడేళ్ళు యంగ్రాన్ ఆ చప్పుడుకి పరిగెత్తింది. స్నానం మధ్యలోంచి పరిగెత్తింది, నిండు నెలలప్పుడు పరిగెత్తింది, తల్లి పోయిన కబురు వింటూ ఫోను పక్కన పెట్టి మరీ పరిగెత్తింది. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న మనిషి. ఏది ఎంత వేడికి మరుగుతుందో తెలుసు. తనెప్పుడు మరగాలో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. మా కోడలి చెవులు బంగారం అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాటకి మురిసిపోయిన రోజులూ ఉన్నాయి.

ఆడపడుచు మ్యోంగ్జా వంటింటి గడపలో నిలబడి, పళ్ళు పేరుస్తున్న దాయిన్‌ని చూసింది. దాయిన్ యంగ్రాన్ కూతురు, పద్నాలుగేళ్ళు. "నీకంటే చురుకు వదినా నీ కూతురు. ఇది ఉన్నంతకాలం ఈ ఇంటికి లోటుండదని నాన్న మంచం మీదినుంచి కూడా అనేవాడు."

యంగ్రాన్ చేతిమీద నూనె చిట్లింది. ఆ మంచం పట్టిన రోజుల్లో, నేను బట్టలు ఆరేసి వస్తాను, కాస్త తాతయ్య దగ్గర కూచోమ్మా అన్నది తనే. కాస్త కాస్తంటూ రెండేళ్ళయింది.

ఈ తంతు వెనకటికి అర్ధరాత్రి జరిగేది. ఇప్పుడు అందరూ సియోల్ రైలు అందుకోవాలి కనక పెద్దాయన కూడా భోజనం సాయంత్రం ఆరింటికి మార్చుకున్నాడు. గిచోల్ లోపలి గదిలో పెద్దాయన పటం ముందు సారా పోసి, సాగిలపడి, వేడన్నంలో చెంచా నిలువుగా గుచ్చాడు. అందరూ బయటికొచ్చి తలుపు జరిపారు. తొమ్మిది ముద్దలు తినేంత సేపు లోపలివాళ్ళని కదిలించకూడదు. తర్వాత పెద్దకొడుకు మూడుసార్లు దగ్గి తలుపు తీస్తాడు. ఈలోగా తీస్తే పోయినవాళ్ళు సగం కడుపుతో లేచిపోతారు, మళ్ళీ ఆ ఇంటికి రారు.

తలలు వంచారు. పెరట్లో కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి.

లోపల, టక్.

అన్నం జారి చెంచా ఒరిగి ఉంటుంది, యంగ్రాన్ తనకి తను చెప్పుకుంది. మగవాళ్ళెవరూ తలెత్తలేదు, వాళ్ళ చెవులు ఎప్పుడూ అంతే. కానీ దాయిన్ అప్పటికే తలుపువైపు మూడడుగులు వేసింది. మొహంలో నెత్తురు లేదు. "వస్తున్నా తాతయ్యా," అంటోంది, తను అంటున్నట్టు తనకే తెలీకుండా.

"ఎంత ప్రేమో చూడండి," అంది మ్యోంగ్జా ముక్కు తుడుచుకుంటూ.

యంగ్రాన్ కూతురి మణికట్టు పట్టుకుంది. వేళ్ళ కింద నాడి పరిగెడుతోంది. ఎప్పట్నుంచి ఇలా అని చెవిలో అడిగింది.

"బళ్ళో కూడా అంతేనమ్మా. భోజనాల దగ్గర ఎవరు చెంచా పెట్టినా లేచి నిలబడిపోతాను. అందరూ నవ్వుతారు."

"ష్, నాన్న తింటున్నాడు," అన్నాడు గిచోల్. "ఇంకా నాలుగు ముద్దలున్నాయి."

యంగ్రాన్ అతన్ని దాటుకుని వెళ్ళి రెండు చేతులతో తలుపు బార్లా తీసింది. వెనకాల ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. పటం ముందునుంచి, ఇంకా ఆవిరొస్తున్న అన్నం గిన్నె తీసి, కూతుర్ని కూచోబెట్టి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది.

"తిను. ఎవరైనా పిలిస్తే నోట్లో ముద్ద ఉందని చెప్పు."