కుంపటి లేని పెట్టె

కృపాకుమారికి చలికాలం వచ్చిందంటే పట్టుపురుగుల దిగులే. సోమందేపల్లె దగ్గర చేనులో ఉన్న ఆమె రేకుల షెడ్డులో, డిసెంబరు రాగానే బొగ్గుల కుంపటి వెలుగుతుంది. మనిషికి దుప్పటి లేకపోయినా సరే, పురుగుకు వెచ్చగా ఉండాలి. చల్లబడితే ఆకు ముట్టదు, గూడు కట్టదు.

అలాంటి మనిషి చేతికి ఈ ఏడు తేనెటీగల పెట్టె వచ్చింది. పోయినేడు ఆమె గుమ్మడి తీగ నిండా పూసింది, కానీ పుప్పొడి మోసే ఈగ లేక పిందెలన్నీ రాలిపోయాయి. అది చూసి పామిడిలో ఉండే చిన్నాన్న కూతురు అంజలి, తన పెట్టెల్లో ఒకటి తెచ్చి గట్టున పెట్టిపోయింది. చనిపోయిన అమ్మ దాచిన విత్తనాల్లో ఆఖరివి వేసింది కృపాకుమారి. ఈసారీ కాయ నిలవకపోతే ఇక ఆ గుమ్మడి లేనట్టే.

ఇంతలో చలి ముదిరింది. గుమ్మడి పువ్వు తెల్లవారుతుండగానే విచ్చుకుని, ఎండెక్కితే ముడుచుకుంటుంది. ఈగలేమో ఎండ తగిలేదాకా గడప దాటవు. పైగా ఒక పొద్దున పెట్టె కింద కొన్ని ఈగలు కాళ్లు ముడుచుకుని పడి ఉన్నాయి.

"చలికి సస్తాండాయి నాయనా," అంది.

"అది పురుగు గాదు పాపా, ఈగ. దాని జోలికి పోవద్దు," అన్నాడు యేసన్న.

తండ్రి మాట వింటే ఆమె కృపాకుమారి ఎందుకవుతుంది? పొద్దుగూకి ఈగలన్నీ లోపలికి చేరాక, పెట్టెను ఎత్తుకెళ్లి షెడ్డులో కుంపటి పక్కన పెట్టింది.

తెల్లారి తలుపు తీసి లైటు వేసింది. కుంపటి వేడికి ఈగలు అప్పటికే గుంపుగా బయటికొచ్చేశాయి. లైటు చుట్టూ తిరిగేవి తిరుగుతుంటే, మిగతావి మల్బరీ ఆకుల మీద పడి కొట్టుకుంటున్నాయి. ఒకటి ఆమె చెవి మీద కుట్టింది. మంటతోనే అంజలికి ఫోను చేసింది.

"ఎంత పని చేసినావక్కా! ముందు లైటార్పి కుంపటి బయట పెట్టు. పెట్టె యాడుండిందో ఆడికే మోసకపో. తెరవొద్దు మాత్రం."

"మళ్లా చలికి సస్తాయి గదే?"

"పెట్టె కింద రాలేటివి ముసలివక్కా. మూత మీద చెయ్యి పెట్టి సూడు. నీకే తెలుస్తాది."

పెట్టెను గట్టు మీదికి చేర్చి చెయ్యి పెట్టింది. అంచుల్లో చెక్క చల్లగా ఉంది. నడుమ మాత్రం గోరువెచ్చగా తగిలింది. చెవి ఆనిస్తే లోపల సన్నటి హోరు.

"లోపల నిప్పు ఎవురు పెట్టినారే?" అంది ఫోనులో, వింతగా.

అంజలి నవ్వింది. "అవే అక్కా. రాణిని నడాన పెట్టుకోని, ముద్దగా కరుసుకోని, రెక్కలు ఆడించకుండా ఒళ్లు వణికిస్తాయి. ఆ వణుకే వేడి. తేనే వాటికి బొగ్గులు. బయట వరుసలోవి చల్లబడితే లోపలికి దూరతాయి, లోపలివి బయటికొస్తాయి."

కృపాకుమారి షెడ్డులో పడిపోయిన ఈగలను కొంగులో ఏరుకొచ్చింది. వాటిలో ఒకదాన్ని దోసిట్లో పెట్టుకుని ఊపిరి ఊదింది. కదల్లేదు. మళ్లీ ఊదింది. కాసేపటికి అరచేతిలో సన్నగా వణికింది. రెక్కలు అలాగే ఉన్నాయి, ఒళ్లు మాత్రం వణుకుతోంది. శాలువా లేకుండా వచ్చిన తానూ వణుకుతున్నానని అప్పుడు గుర్తించింది. ఓహో, ఇంతేనా అనుకుంది. లేచినవాటిని ఒక్కొక్కటిగా పెట్టె గడప మీద దించింది. కొన్ని ఎంత ఊదినా లేవలేదు. చలి చంపలేదు వాటిని, తనే చంపింది. ఏడుపొచ్చింది.

అప్పటికే బాగా ఎండెక్కింది. పువ్వులు ముడుచుకుపోయి ఉంటాయనుకుంటూ తీగ దగ్గరికి పరుగెత్తింది.

పువ్వులు విచ్చుకునే ఉన్నాయి.

చలికి ఈగ ఆలస్యంగా లేస్తే, అదే చలికి పువ్వు కూడా ఆలస్యంగా ముడుచుకుంటోంది. ఇన్నాళ్లూ పెట్టె చుట్టూ తిరిగిందే గాని, పువ్వు కోసం ఎండెక్కేదాకా ఎప్పుడైనా నిలబడిందా? చూస్తుండగానే ఒక ఈగ వచ్చి పువ్వులోకి దూరి, వీపు నిండా పసుపు పూసుకుని బయటికొచ్చి, పిందె ఉన్న పువ్వు మీద వాలింది.

ఆకుల మోపుతో వచ్చిన యేసన్న, షెడ్డు బయట కుంపటిని, కూతురి వాచిన చెవిని చూశాడు.

"ఏమైందమ్మా?"

"ఏం గాలేదు నాయనా," అంది కృపాకుమారి, పువ్వు మీంచి చూపు తిప్పకుండా. "ఇది పురుగు గాదు, ఈగ."