మామగారు బాత్రూములో ఉంటేనే లాభం

మామగారు బాత్రూములోకి వెళ్లి అప్పటికి గంటన్నర. పాపం, ఆయనకు ఒంట్లో బాగులేక కాదు. అల్లుడి ప్రోగ్రాములో రెండు వందల ఆరో నిబంధన అలా ఉంది మరి.

అల్లుడు కంప్యూటర్ ఉద్యోగి. షేర్లను తనంతట తానే కొని అమ్మే ప్రోగ్రాము ఒకటి రాసి, గడిచిన పదేళ్ల ధరల మీద నడిపి చూశాడు. మొదట్లో నష్టాలు వచ్చాయి. నష్టం వచ్చిన ప్రతిసారీ ఆ రోజు ఏం జరిగిందో తవ్వి తీసి, ఆ రోజును తప్పించే నిబంధన ఒకటి చేర్చాడు. నెలలో మూడో మంగళవారం కొనకూడదు. వాన పడి కరెంటు పోతే అమ్మకూడదు. ధరలు చాలక ఇంటి సంగతులు కూడా ఎక్కించాడు. మామగారు ఏ రోజు ఎన్నింటికి స్నానానికి వెళ్లిందీ డైరీలో రాసుకునే మనిషి, ఇంకేం కావాలి! నిబంధనలు నాలుగు వందల పన్నెండు అయ్యేసరికి పదేళ్లలో ఒక్కటంటే ఒక్క రోజు నష్టం లేదు. ఇక మనవాడి కాళ్లు నేల మీద ఆనలేదు.

భార్య టైలర్. పదకొండేళ్లుగా అద్దెకు ఉంటున్న కొట్టును కొనుక్కోవాలని పైసా పైసా కూడబెట్టింది. ఓనరు నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఆ డబ్బంతా ప్రోగ్రాముకు అప్పగించమని ఈయనగారు వారం రోజులుగా ఆమె బుర్ర తింటున్నాడు.

"పదేళ్ల పరీక్షలో నూటికి నూరు వచ్చాయి! ఇంకా ఏంటి నీ అనుమానం?"

"అవి అయిపోయిన రోజులు కదండీ. రేపటి సంగతేంటి?"

"రేపటి ధరలు ఇంకా రాలేదుగా! రానివాటి మీద ఎలా పరీక్షిస్తారు? నీకు చెప్పినా అర్థం కాదులే."

ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండింది. అయినా పైకి అనలేదు. "సరే, గురువారం చెక్కు ఇస్తాను. మంచి పని మొదలుపెడుతున్నారు, కొత్త చొక్కా కుడతాను, అది వేసుకుని తీసుకోండి" అంది.

నిజానికి సోమవారం నుంచి ఉత్తుత్తి డబ్బుతో ప్రోగ్రామును నడుపుతూనే ఉన్నాడు. మూడు రోజులూ నష్టమే. ఆ సంగతి ఇంట్లో పొక్కనివ్వలేదు. ఇంకో మూడు నిబంధనలు చేర్చి ఊరుకున్నాడు. ఎంత సిగ్గులేనితనం చూడండి.

గురువారం వచ్చింది. నిబంధనల ప్రకారం ఎడమకాలి మేజోడు తిరగేసి తొడుక్కున్నాడు, ఫ్రిజ్ తలుపు ఎవరూ తీయకుండా తాడు కట్టాడు, మామగారిని బతిమాలి లోపలికి పంపాడు. భార్య చొక్కా తెచ్చి ఇచ్చింది. ఊపిరి బిగబట్టి గుండీలు పెట్టుకున్నాడు.

"ఇదేంటే, కొంచెం కూడా లూజు వదల్లేదు?"

"ఎందుకండీ? నా కొలతల పుస్తకంలో మన పెళ్లప్పటి కొలతలు ఉన్నాయిగా. కొట్లో బొమ్మకి వేసి చూశాను. నూలుపోగు తేడా లేదు. నూటికి నూరు!"

"బొమ్మ కదలదు కదే!"

"మీరు కూడా ఆ రోజు కదల్లేదు. కొలతలు తీస్తుంటే కొయ్యబారి నిలబడ్డారు."

బల్లకు అటువైపు నిలబడి చెక్కు పట్టుకున్న చెయ్యి చాచింది. నిజంగానే సంతకం చేసింది. అతను అందుకోవడానికి చెయ్యి ముందుకు పెట్టాడు. అంతే, చంక నుంచి నడుము దాకా పర్రుమంది. పొట్ట మీది గుండీ ఎగిరి కంప్యూటర్ తెరకు టక్కున తగిలింది. తెర మీద ఆ పూట ఉత్తుత్తి లెక్క నష్టంతో ఎర్రగా కనిపిస్తోంది. ఆమె అటు చూసింది.

"ఎన్నాళ్ల నుంచి?"

అతను చాచిన చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు. దించితే రెండో చంక కూడా పోతుందేమోనని భయం.

లోపలి నుంచి కేక వినిపించింది. "అల్లుడుగారూ! లాభం వచ్చిందా? చలికి చచ్చిపోతున్నానయ్యా!"

"నష్టమే మామయ్యగారూ" అన్నాడు. "సోమవారం నుంచీ నష్టమే. మీరు బయటికి వచ్చేయండి."

ఆమె చెక్కును నాలుగు ముక్కలు చేసింది. కొత్తది తీసి, కొట్టు ఓనరు పేరు రాసి, చెప్పులు వేసుకుంది.

"ఆ చొక్కా విప్పి అక్కడ పెట్టండి. సాయంత్రం మళ్లీ కొలతలు తీస్తాను. ఈసారి ఊపిరి పీలుస్తూ నిలబడండి."