రెండో కాజాలోని రిబ్బను

గెర్నోట్ వీబుష్‌ది గడియారాలు బాగుచేసే పని. మిగతా టైమంతా హిట్లర్ యుద్ధంనాటి జర్మన్ పోలీసుల ఫొటోలు పోగుచేస్తాడు. పద్నాలుగు ఆల్బమ్‌లు నింపాడు. కాలరు పట్టీ, చేతిమీది గద్ద గుర్తు, బెల్టు బిళ్ళ, ఏది ఏ ఏడాదిదో భూతద్దం పెట్టి చెప్పేస్తాడు. ఆ యూనిఫాం వేసుకుని వాళ్ళేం చేశారని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అడిగితే ఫొటోలెవడిస్తాడు?

వాటిలో సగం ఇచ్చినవాడు హార్మ్ ల్యూడెకే, రిటైరైన పోలీసు. చుట్టం కాకపోయినా, పక్కవీధి మనిషని గెర్నోట్ చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాడు.

1966 సెప్టెంబరులో ఒక ఆదివారం, కాఫీ వేళకి, హార్మ్ ప్లమ్ పళ్ళ కేకు పట్టుకుని వచ్చాడు. చెప్పకుండా ఎప్పుడూ రాని మనిషి.

"నీకు ప్రాసిక్యూటరు నుంచి ఉత్తరం వచ్చిందటగా?"

గెర్నోట్ మొహం వెలిగిపోయింది. "మీదాకా వచ్చిందా బాబాయ్! మీ తొమ్మిదిమంది ఫొటో నేను పత్రికలో వేయించానే, అది చూశారు. ఎప్పటిదో తేల్చమని నన్నే అడిగారు."

"తేల్చేదేముంది? పోలండులో, నలభయ్యో సంవత్సరంలో తీసింది. నేనే చెప్పాగా."

"మీరు మర్చిపోయారు. మీ రెండో కాజాలో రిబ్బను చూడండి, మధ్యలో సన్నగీత. రష్యా యుద్ధంలో మొదటి చలికాలానికి ఇచ్చిన పతకం అది. నలభై రెండు మే దాకా ఆ పతకమే పుట్టలేదు!"

హార్మ్ నమలడం ఆపాడు.

అప్పుడు కూడా ఈ గడియారాలాయనకి బుర్ర వెలగలేదు. ఉత్తరంలో అంతా రాసే ఉంది. ఉక్రెయిన్‌లో ఒక ఊరు. నలభై రెండు ఆగస్టు. ఊళ్ళో యూదులందర్నీ, చంటిపిల్లల్తో సహా, గుంట అంచున నిలబెట్టి జర్మన్ పోలీసులు కాల్చారు. తను ఆ పక్కకే వెళ్ళలేదనీ, పోలండు నుంచే కడుపు జబ్బుతో ఇంటికొచ్చేశాననీ హార్మ్ వాంగ్మూలం. గెర్నోట్ అదంతా చదివాడు. చదివి, రిబ్బను గురించే ఆలోచించాడు.

భార్య ఆల్ముట్ కాఫీ పోస్తూ అంది: "మా ఆయనకి గుండీలు కనపడతాయి గానీ మనుషులు కనపడరు. అవును హార్మ్ గారూ, ఆ ఫొటోలో ఓ పక్కన బూట్లు చేత్తో పట్టుకుని నిలబడింది, ఎవరావిడ?"

"ఎవరో పల్లెటూరిది."

"బూట్లెందుకు విప్పింది?"

హార్మ్ ఆమె వైపు చూడలేదు. "గోటితో గీకితే పోయే గీత, అబ్బాయ్. ఆ ఫొటో ఇలా తే."

"లేదు బాబాయ్."

"లేదంటే?"

"శుక్రవారమే రిజిస్టరు పోస్టులో పంపేశాను. నాలుగు పేజీల వివరణ కూడా పెట్టాను."

న్యాయం కోసం పంపాడనుకునేరు. అదేం లేదు. ఇంత తెలిసినవాడు దేశంలో ఇంకోడు లేడనిపించుకోవాలని పంపాడు. నిజం చెప్పాల్సినవాళ్ళు పాతికేళ్ళుగా నోళ్ళు కుట్టుకుని కూర్చుంటే, చివరికది ఇలాంటివాడి గొప్పల్లోంచి జారిపడింది.

హార్మ్ లేచి టోపీ పెట్టుకున్నాడు. కోపం లేదు. అదే భయంగా ఉంది.

"అందులో తొమ్మిదిమందిమి. ఇద్దరు ఇప్పుడు మన ఊరి స్టేషన్లోనే ఉన్నారు తెలుసా? యూనిఫాం మారిందంతే. నీకిష్టమేగా యూనిఫాంలంటే. మీ అమ్మాయి ఇమ్కె మిల్లు దారినే కదూ సైకిలు మీద బడికెళ్ళేది? ఓ కన్నేసి ఉంచమని చెబుతాలే."

తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు.

ఆల్ముట్ గొళ్ళెం పెట్టింది. "బెదిరించి పోయాడయ్యా! కూర్చున్నావేం? పోలీసులకి ఫోన్ చెయ్!"

గెర్నోట్ నంబరు తిప్పాడు. రెండో మోతకే ఎత్తారు.

"పోలీస్ స్టేషన్. చెప్పండి." యాభై దాటిన గొంతు. చాలా మర్యాదగా ఉంది.

గెర్నోట్ తలుపు గొళ్ళెం వైపు చూశాడు.

"చెప్పండి," అంది ఆ గొంతు మళ్ళీ. "వీబుష్ గారేనా?"