పాడుచేసిన ముగింపు

పొద్దున్నే పొయ్యి రాజేసి, కాఫీ పెట్టుకుని, వంటింటి బల్ల మీదే నవలలు రాసుకునేది లవీనియా క్రోవెల్. పెళ్లి కాలేదు, నా అన్నవాళ్లు లేరు. ఆవిడ రాసిన మనుషులే కాగితాల్లోంచి లేచొచ్చి ఇంట్లో తిరిగేవాళ్లు. ఒహాయోలో మా ఊరివాళ్లకి అదేం వింత కాదు. కొత్తగా ఎవరు దిగారో కనుక్కుని రొట్టెలవాడు ఇంకో రొట్టె ఎక్కువ వేసి వెళ్లేవాడు.

పాడు సినిమాలొచ్చి ఆ ఇల్లు ఖాళీ చేశాయి. రాసిన ప్రతి నవలా సినిమా కంపెనీదేనని ఆవిడ ఏనాడో సంతకం పెట్టేసింది. కథని బొమ్మగా తీయడం మొదలెట్టగానే అందులోవాళ్లు పెట్టె సర్దుకుని కాలిఫోర్నియా రైలెక్కేవాళ్లు. సినిమావాళ్లు ముగింపులు మార్చి అందరికీ పెళ్లిళ్లు చేసేవాళ్లు, వీళ్లు అక్కడే కాపురాలు పెట్టేసేవాళ్లు. తన ముగింపులు పాడుచేస్తున్నారని లవీనియా దొరికిన ప్రతి పత్రికలోనూ కంపెనీని దులిపేసేది.

చివరికి ఆంబ్రోస్ ఒక్కడే మిగిలాడు. నవలలో అతను గడియారాలు బాగుచేసే మనిషి. సాయంత్రాలు ఆవిడ గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడిచేవాడు. ఆ కాసేపటి తోడు కోసమే ఆవిడ రోజంతా గడిపేదని మాకందరికీ తెలుసు. అతనికీ పిలుపొచ్చింది. నవల చివర అతను గుమ్మం దిగి, టోపీ పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోతాడు. ఆ గుమ్మం లవీనియా ఇంటి గుమ్మమే. ఈ దరిద్రులు ఎలాగూ మారుస్తారు, తిప్పి ఇంటికే పంపిస్తారు అని ఆవిడ గుండె దిటవు చేసుకుంది.

ఆంబ్రోస్ బొమ్మ మా ఊరికొచ్చిన శనివారం మధ్యాహ్నం కంపెనీ మనిషి కూడా వచ్చాడు. హాలు ముందు టోపీ తీసి, "మీ మాట విన్నాం మేడమ్. ఈసారి ముగింపులో ఒక్క ముక్క ముట్టుకోలేదు" అన్నాడు. పాపం, మర్యాద చేశాననే అనుకున్నాడు. లవీనియా అతన్ని దాటుకుని లోపలికెళ్లి ముందు వరసలో కూర్చుంది.

తెర మీద ఆంబ్రోస్ గుమ్మం దిగాడు, టోపీ పెట్టుకున్నాడు, దారి చివర చుక్కంతయ్యాడు. అందరం కళ్లు తుడుచుకుని లేచాం. ఆవిడ లేవలేదు.

హాల్లో బొమ్మ యంత్రం తిప్పే ఓటిస్‌కి శనివారాలు ఒక అలవాటుండేది. ఆట అయ్యాక పిల్లల కోసం చివరి ఫిల్ము చుట్ట వెనక్కి తిప్పేవాడు. నీళ్లలో దూకినవాళ్లు మళ్లీ గట్టు మీదికి ఎగురుతుంటే హాలంతా పడీ పడీ నవ్వేది. ఆ రోజు మాత్రం అతనికి తిప్పబుద్ధి కాలేదు.

"ఇంటికెళ్లరా లవీనియా గారూ?" అన్నాడు పైనుంచి.

"ఆ ఇంట్లో ఎవరున్నారు ఓటిస్?" అంది. "నా ముగింపు కాస్త పాడుచేసి పెట్టవూ?" అంది.

ఓటిస్ పిడి వెనక్కి తిప్పాడు. దారి చివర చుక్క పెద్దదయింది. ఆంబ్రోస్ వెనకడుగులు వేస్తూ వచ్చి, టోపీ తీసి, గుమ్మం ఎక్కాడు.

సాయంత్రం ఆవిడ గిన్నెలు కడుగుతుంటే వంటింటి తలుపు తెరుచుకుంది. ముందు వీపు వచ్చింది, తర్వాత మనిషి. తువ్వాలు అందుకున్నాడు. ఆవిడ ఏడుస్తూనే తడి పళ్లెం చేతికిచ్చింది.

ఆ తర్వాత ఆంబ్రోస్ ఎప్పుడూ ముందుకి నడవలేదు. అంగడికెళ్లినా వెనకడుగులే, మేమే పక్కకి తప్పుకునేవాళ్లం. లవీనియా మళ్లీ నవల జోలికి పోలేదు. వంటింట్లో కుర్చీలన్నీ గోడకి జరిపి, అతనికి దారి చేసింది.