వెనక వరుసలో శివపార్వతి

ఆదివారం పొద్దున పెసరట్లు వేసేటప్పుడు శివపార్వతి చేతులు పొగలో కలిసిపోయేవి. పొగ పోయాక కూడా సరిగ్గా కనిపించేవి కావు. తిరువూరులోని ఆ ఇంట్లో అందరూ దానికి అలవాటుపడ్డారు. అట్టు గాల్లో తేలుతున్నట్టు వస్తే పళ్లెం చాచేవారు. కాఫీ కావాలంటే గొంతు వినిపించిన వైపు తిరిగి అడిగేవారు. పాలు పోసే రూత్ మాత్రం రోజూ అనేది, "కొంచెం దగ్గండమ్మా, గిన్నె ఎటుందో తెలీట్లా."

ఆ ఆదివారం అనూహ్య ఫోన్లో కెమెరా లెన్సులు వెతుకుతోంది. శుక్రవారం అన్న అఖిల్ నిశ్చితార్థం. ఇంటి ఫొటోలన్నీ తీసేది తనే.

"ఈసారి ఇంకా మంచి లెన్సు తీసుకో," అన్నాడు తండ్రి సీతారామారావు అట్టు తుంచుతూ. "ముందున్నవాళ్లు మెరిసిపోవాలి. వెనకదంతా మీగడలా కరిగిపోవాలి. సినిమాలో లాగా."

రెండేళ్ల కిందట అనూహ్య మొదటి జీతంతో యాభై ఎమ్మెమ్ లెన్సు కొంది. అప్పటి నుంచీ ఆ ఇంటికి బ్లర్ పిచ్చి పట్టింది. లెన్సు కన్ను పూర్తిగా తెరిచి తీస్తే ఎదురుగా ఉన్న ముఖం తప్ప మిగతాదంతా మసకే. ముందు ఎవరు కూర్చోవాలో, వెనక ఎవరు నిలబడాలో ఆ ఇంట్లో ఎవరూ చెప్పక్కర్లేదు. బాబాయి గిరిబాబు పోయాక పిన్ని శివపార్వతి చోటు కుర్చీల వెనక, గోడ దగ్గర. బారసాల, ఓణీల ఫంక్షను, గృహప్రవేశం. ఒక్కో ఫొటోకీ ఆమె కొంచెం కొంచెం మసకబారింది. మొదట చెవులు, తర్వాత గడ్డం కింది పుట్టుమచ్చ, ఆ తర్వాత ముఖమంతా. ఫొటోలో కాదు, మనిషే.

కూరలో ఉప్పు తగ్గలేదు గనక ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఇబ్బందల్లా పెనుగొలను మామిడితోట దగ్గర వచ్చింది. నాలుగెకరాలు, గిరిబాబు వాటా, కాగితాల్లో మాత్రం అన్న సీతారామారావు పేరున ఉంది. అది గిరిబాబు భార్య పేరున మారాలంటే ఆమె రిజిస్ట్రేషన్ ఆఫీసులో కెమెరా ముందు కూర్చోవాలి. రెండుసార్లు కూర్చుంది. రెండుసార్లూ తెరమీద కుర్చీ వచ్చింది, ముఖం రాలేదు. నిశ్చితార్థం అయ్యాక వచ్చే సోమవారం ఆఖరి గడువు. అప్పుడూ రాకపోతే తోట సీతారామారావు పేరునే ఉండిపోతుంది.

"ఉంటే ఉంటుంది, ఎక్కడికి పోతుంది?" అన్నాడాయన. "ఇంట్లోదేగా. తనకి మేం ఏం తక్కువ చేశామని?"

అనూహ్య పళ్లెం నెట్టేసింది. "దీన్ని దోపిడీ అంటారు నాన్నా! కుటుంబం అని ముద్దుపేరు పెట్టుకున్న దోపిడీ. వ్యక్తిగతమే రాజకీయం. నోరు మూసుకుని చూసేవాడు కూడా దొంగ పక్షమే!"

"సరేనమ్మా, విప్లవం వచ్చేలోపు ఆ చట్నీ ఇటివ్వు."

అనూహ్య విసవిసా వంటింట్లోకి వెళ్లింది. "నువ్వేంటి పిన్నీ, నోరెత్తవు? అడగనివాళ్లకి హక్కులు ఎవరిస్తారు?"

పొయ్యి దగ్గరి మసకలోంచి నవ్వు వినిపించింది. "మీ నాన్న నన్ను వెనక నిలబెట్టారు, నిజమే. చెరిపేసింది మాత్రం నువ్వే అమ్మడూ. ఆ ఫొటోలు ఎవరు తీశారు?"

అరిచి అరిచి వేలు చూపిస్తూ వచ్చింది అనూహ్య ఇన్నాళ్లూ. ఆ వేలే కెమెరా బటన్ నొక్కింది.

ఆ మధ్యాహ్నమే బస్టాండు పక్కన జగన్నాథరావు స్టూడియోకి వెళ్లి, యాభై లెన్సు గాజుబల్ల మీద పెట్టింది. "ఇది తీసేసుకుని అందరూ కనిపించేది ఇవ్వండి అంకుల్. అందరూ అంటే అందరూ. గోడ దగ్గరున్నవాళ్లు కూడా."

"కెమెరాతో పాటు వచ్చిన లెన్సు ఏం చేశావు?"

"అట్టపెట్టెలో ఉంది. అది ఎందుకూ పనికిరాదని, బ్లర్ రాదని రివ్యూల్లో చెప్పారు."

"ఆ రివ్యూలోళ్లకి పిన్నమ్మలు లేరనుకుంటా," అన్నాడు జగన్నాథరావు. "అదే పెట్టు. నెంబరు పదకొండుకి తిప్పు. లెన్సు కన్ను చిన్నదవుతుంది. ముందు కూర్చున్నవాడి చొక్కా బొత్తామూ, వెనక గోడమీది బల్లీ ఒకే తీరున వస్తాయి. కాకపోతే వెలుతురు బాగా కావాలి. జనాన్ని ఎండలోకి లాగు. మొహాలు మాడ్చుకుంటారు మరి."

"మాడ్చుకోనివ్వండి."

యాభై లెన్సు ఉంచుకుని ఆయన ఒక పాత స్టాండు ఇచ్చాడు.

శుక్రవారం పదకొండు గంటల ఎండలో వాకిట్లో కుర్చీలు వేయించింది అనూహ్య. మేనత్త సామ్రాజ్యం కొంగుతో విసురుకుంటూ అరిచింది. "షామియానా వేసుకుని ఎండలో ఈ శిక్షేంటే? పౌడరంతా కారిపోతోంది."

"ఒక్క నిమిషం అత్తా. పిన్నీ, ఇలా వచ్చి ముందు కూర్చో."

"శుభమా అని నిశ్చితార్థం పెట్టుకుంటే ఆవిడ ముందేంటి? అక్కడే ఉండనీ."

అనూహ్య గొంతు దాకా నినాదం వచ్చింది. ఏనాడూ ఎవర్నీ ఒక్క అంగుళం కదిలించని నినాదం. మింగేసింది. ఈ లెన్సుకి ముందూ వెనకా లేవు.

"అలాగే అత్తా. పిన్నీ, గోడ దగ్గరే ఉండు. కదలకు."

పళ్లు బిగించి నొక్కింది.

గోడ దగ్గర మొదట దుద్దుతో సహా ఒక చెవి వచ్చింది. తర్వాత పుట్టుమచ్చ. తర్వాత మొత్తం మనిషి, ఎండకి కళ్లు చిట్లించి, మంచినీళ్ల ట్రే గట్టిగా పట్టుకుని. ఆ ముఖం నిండా కోపం. ఎన్నాళ్ల నుంచి అక్కడ ఉందో, ఎవరూ చూడలేదు.

"శివపార్వతీ, ఆ మంచినీళ్లు ఇలా ఇవ్వు," అంది సామ్రాజ్యం. సూటిగా ఆమె కళ్లలోకి చూసింది, వెంటనే తల తిప్పుకుంది.

సీతారామారావు ఫొటో చూసి పెదవి విరిచాడు. "గోడకానించిన చీపురుతో సహా వచ్చింది."

సోమవారం ఆఫీసులో నిమిషం కూడా పట్టలేదు. శివపార్వతి కెమెరా వైపు చూసింది, కెమెరా ఆమెను చూసింది. చేతికి వచ్చిన కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"పద, భోజనాల టైమైంది," అన్నాడు బయట సీతారామారావు.

"మీరెళ్లండి బావగారూ. అన్నం, పప్పు మూతపెట్టి ఉన్నాయి, వడ్డించుకోండి. నేను తోటకెళ్తున్నా. కాపు చూసి, కౌలువాళ్లతో మాట్లాడాలి."

"నీకెందుకమ్మా ఆ గొడవ? నేను మాట్లాడతాగా."

"ఎవరి తరఫున?"

పెనుగొలను ఆటో వచ్చి ఆగింది. శివపార్వతి ఎక్కి కూర్చుంది. వాళ్ల వెంట వచ్చిన అనూహ్య గబగబా కెమెరా సంచి జిప్పు లాగింది.

"ఫొటోలు చాలు," అంది పిన్ని పక్కకి జరుగుతూ. "ఎక్కు."